మందకొడి

మా ఊరి ఆడపిల్లల కాలేజీలో ఒక్కటే టెన్నిస్ కోర్టు ఉండేది. అడుగున కంకర, దాని మీద గ్రావెల్, ఆపైన జల్లించిన ఎర్రమట్టి. నీళ్లు కొట్టి ఇనప రోలరు లాగితే గట్టిపడేది. దుమ్ము లేవకుండా వారానికోసారి పేడనీళ్లు చల్లేవారు. కాలేజీలో ఊడ్చే పని చేసే అవ్వ తెల్లవారకముందే వచ్చి, ఇంటి ముందు కళ్లాపి చల్లినట్టే ఈ చివరి నుంచి ఆ చివరికి చల్లుకుంటూ పోయి, చీపురుతో ఒకే వాటాన సర్దేది. అది ఆరాక మేం నలుగురైదుగురం పురికొస కట్టి సున్నంతో గీతలు వేసేవాళ్లం. "ముగ్గులేసే చేతులు కదుటే, గీత వంకర పోతుందా!" అని నవ్వేది. అవ్వ ఒక్కనాడూ రాకెట్టు పట్టుకుని ఎరగదు. కానీ ఆ కోర్టు మీద బంతి ఎంత ఎత్తు లేవాలో, ఎంత నెమ్మదించాలో నిర్ణయించింది అవ్వే. ఈ సంగతి నాకు తెలిసిరావడానికి నలభై ఏళ్ల పైనే పట్టింది.

1977లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. సాయంత్రం క్లాసులు అయ్యాక వోణీలు హాస్టల్లో పడేసి, పంజాబీ డ్రెస్సులు వేసుకుని కోర్టుకి పరిగెత్తేవాళ్లం. అక్కడ నేను బాగా ఆడేదాన్ని. బంతి మట్టిని తాకి క్షణం ఆలోచించుకుని లేచినట్టుండేది. భుజం ఎత్తుకి వచ్చేది. అది వచ్చేలోగా కాలు జారిస్తూ వెళ్లి దాని వెనక నిలబడేదాన్ని. నాకు బలం తక్కువ, ఓపిక ఎక్కువ. అవతలి వాళ్లు విసుగొచ్చి తప్పు కొట్టేదాకా బంతిని తిరిగి పంపుతూనే ఉండేదాన్ని. కాలేజీలో నన్ను ఓడించినవాళ్లు లేరు.

ఆ ఏడాదే అంతర్ కళాశాల పోటీలకు పంపారు. అక్కడి కోర్టు సిమెంటుది. నేను అంతకుముందు సిమెంటు కోర్టు చూడనైనా చూడలేదు. మొదటి బంతికే, నేను రాకెట్టు వెనక్కి తీసేలోగా బంతి నన్ను దాటిపోయింది. అలవాటు కొద్దీ కాలు జారించబోతే కాన్వాసు బూటు నేలకి అతుక్కుపోయి మోకాలి మీద పడ్డాను. 6-0, 6-1. ఆ ఒక్క గేమూ అవతలి అమ్మాయి వరసగా రెండుసార్లు సర్వీసు బయటికి కొట్టడం వల్ల దక్కిందే. తిరిగి వస్తున్నప్పుడు బస్సులో మా పి.డి. గారు ముందు సీట్లో కూర్చున్న లెక్చరర్ తో అంటున్నారు: "పిల్ల మంచిదేనండీ. కానీ మందకొడి."

కోప్పడలేదాయన. జాలిగానే అన్నారు. అందుకే నమ్మాను. ఇంటికి వెళ్లాక రాకెట్టు అటకెక్కింది. మళ్లీ దించలేదు.

మందకొడి అన్న మాట మన పత్రికల ఆటల పేజీలో రోజూ కనిపిస్తుంది. 'మందకొడి పిచ్' అంటారు. బంతి నెమ్మదిగా వచ్చే నేలకి ఆ మాట. నేలకి ఉండాల్సిన విశేషణం ఆరోజు నా పేరు ముందు వచ్చి చేరింది. నేనూ దాన్ని విప్పి అవతల పెట్టకుండా ఏళ్ల తరబడి మోశాను. పెళ్లయ్యాక వంటింట్లో అన్నారు, ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టాఫ్ రూములో అన్నారు. ఎవరు అన్నా నాకు వింతగా తోచలేదు, ముందే తెలిసిన సంగతిలా అనిపించింది.

2025 జూలైలో వింబుల్డన్ మహిళల ఫైనల్ టీవీలో చూశాను. పోలండు అమ్మాయి ఇగా స్వియాటెక్, అమెరికా అమ్మాయి అమందా అనిసిమోవా. 57 నిమిషాల్లో అయిపోయింది. 6-0, 6-0. అనిసిమోవా మైకు ముందు ఏడుస్తుంటే నాకు సిమెంటు కోర్టు గుర్తొచ్చింది. గెలిచిన స్వియాటెక్ గురించి కూడా అంతకుముందు దాకా అందరూ అన్న మాట ఒకటుంది. ఈమె మట్టి మీది మనిషి, గడ్డి మీద ఈమె ఆట సాగదు అని. పారిస్ లో నాలుగుసార్లు గెలిచిన అమ్మాయి, వింబుల్డన్ లో అప్పటిదాకా క్వార్టర్ ఫైనల్ దాటలేదు మరి. ఆ తర్వాత రెండు నెలలైనా తిరక్కుండానే న్యూయార్కు హార్డ్ కోర్టు మీద ఇద్దరూ మళ్లీ ఎదురుపడ్డారు. అనిసిమోవా 6-4, 6-3తో గెలిచింది. రెండు నెలల్లో ఒక మనిషి ఆట ఇంతగా మారిపోతుందా? మారింది నేల ఒక్కటే అని నేననను. మనసు, ఒంట్లో సత్తువ, ఆరోజు అదృష్టం, అన్నీ ఉంటాయి. కానీ జూలైలో అనిసిమోవా మీద తీర్పు చెప్పేసినవాళ్లు ఆ నేలని లెక్కలోకి తీసుకున్నారా అని మాత్రం అడగాలనిపించింది.

అక్కణ్ణుంచి పాత స్కోర్లు వెతకడం మొదలుపెట్టాను. ఆడకుండా వదిలేసిన ఆట గురించి చదవడం కూడా ఒక రకంగా ఆడటమే.

ముందు నేల సంగతి చెప్పుకుందాం. బంతి నేలని తాకినప్పుడు రెండు పనులు జరుగుతాయి. నేల గరుకు బంతిని ముందుకు పోనివ్వకుండా కాస్త పట్టి ఉంచుతుంది. నేల గట్టిదనం దాన్ని పైకి తోస్తుంది. పారిస్ లో రొలాండ్ గారోస్ కోర్టుల్లో సున్నపురాయి పొర మీద ఇటుకల పొడి పరుస్తారు. ఎర్రగా కనిపించేదంతా ఆ పొడే, మందం రెండు మిల్లీమీటర్ల లోపు. ఆ పలచటి పొడే బంతి వేగాన్ని తినేస్తుంది, బంతిని నిటారుగా లేపుతుంది. కాలు జారుతుంది కాబట్టి దూరం బంతికి కూడా చేరుకోవచ్చు. వాన పడితే పొడి తడిసి బంతికి అంటుకుంటుంది, బంతి బరువెక్కి ఇంకా నెమ్మదిస్తుంది. గడ్డి మీద అంతా తలకిందులు. వింబుల్డన్ లో గడ్డిని 8 మిల్లీమీటర్ల ఎత్తుకి కత్తిరిస్తారు. గడ్డి నున్నన, బంతి జారి ముందుకు దూసుకొస్తుంది, మోకాలి ఎత్తు కూడా లేవదు. ఓపికకి అక్కడ చోటు తక్కువ. ఇక హార్డ్ కోర్టంటే తారు మీదో కాంక్రీటు మీదో పూసే ఇసుక కలిపిన రంగు. ఇసుక ఎక్కువ కలిపితే కోర్టు నెమ్మదిస్తుంది, తగ్గిస్తే వేగం పెరుగుతుంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య కోర్టుల వేగానికి అంకె వేసి, నెమ్మది నుంచి వేగం దాకా ఐదు తరగతులుగా విడగొట్టింది. అంటే 'మందకొడి' అన్నదానికి టెన్నిస్ లో ఒక కొలత ఉంది. ఆ కొలత వేసేది కోర్టుకి.

నా వెతుకులాటలో నన్ను కట్టిపడేసినవి 1974, 1975. అమెరికా ఓపెన్ అప్పట్లో న్యూయార్కు ఫారెస్ట్ హిల్స్ లో, గడ్డి మీద జరిగేది. 1974 సెమీ ఫైనల్లో క్రిస్ ఎవర్ట్, ఈవాన్ గూలగాంగ్ తలపడ్డారు. ఎవర్ట్ 50కి పైగా మ్యాచ్ లు వరసగా గెలిచి వచ్చింది. గూలగాంగ్ మొదటి సెట్ లో ఆమెకి ఒక్క గేమ్ కూడా ఇవ్వలేదు. 6-0, 6-7, 6-3తో గెలిచింది. తర్వాతి ఏడాది అదే ఫారెస్ట్ హిల్స్ లో గడ్డి పెకలించి, హార్-ట్రూ అనే బూడిదాకుపచ్చ రంగు మట్టి పరిచారు. ఫైనల్లో మళ్లీ వాళ్లిద్దరే. ఎవర్ట్ 5-7, 6-4, 6-2తో గెలిచింది. 1976 ఫైనల్లోనూ వాళ్లే. ఎవర్ట్ 6-3, 6-0. ఆ కాలంలో మట్టి కోర్టుల మీద ఎవర్ట్ 1973 ఆగస్టు నుంచి 1979 మే దాకా వరసగా 125 మ్యాచ్ లు గెలిచింది. మట్టి మీద ఆమెని ఆరేళ్లపాటు ఓడించినవాళ్లే లేరు.

ఇద్దరూ ఎక్కణ్ణుంచి వచ్చారో చూస్తే ఇందులో వింత లేదు. ఎవర్ట్ ఫ్లోరిడాలో, తండ్రి టెన్నిస్ నేర్పే పార్కులో, మట్టి కోర్టుల మీద పెరిగింది. చిన్నపిల్లకి ఒక చేత్తో రాకెట్టు మోసే బలం చాలక రెండు చేతులతో పట్టుకుంది. ఆ రెండు చేతుల బ్యాక్ హ్యాండ్ తర్వాతి తరాల ఆడపిల్లలందరిదీ అయింది. గూలగాంగ్ న్యూ సౌత్ వేల్స్ లో బారెలన్ అనే పల్లెటూరి ఆదివాసీ పిల్ల. గొర్రెల బొచ్చు కత్తిరించే పనివాడి కూతురు. ఊరి టెన్నిస్ క్లబ్బు కంచె బయట నిలబడి చూస్తుంటే ఒక పెద్దాయన లోపలికి పిలిచి ఆడమన్నాడు. ఆ తర్వాత సిడ్నీకి వెళ్లింది. ఆస్ట్రేలియాలో పెద్ద పోటీలు అప్పుడు పచ్చిక మీదే. ముందుకు ఉరికి, నెట్ దగ్గర బంతిని అందుకుని, మణికట్టు తిప్పి చటుక్కున ముగించే ఆట ఆమెది.

ఇక్కడి దాకా ఆటే. కానీ అప్పటి విలేకరులు, వ్యాఖ్యాతలు వీళ్లకి పెట్టిన పేర్లు చూస్తే నాకు నా బస్సు ప్రయాణం గుర్తొస్తుంది. గూలగాంగ్ ఆట మధ్యలో తడబడితే 'వాకబౌట్' వెళ్లిందనేవారు. ఆదివాసులు తమ నేల మీద కాలినడకన చేసే సుదీర్ఘ ప్రయాణానికి తెల్లవాళ్లు పెట్టిన పేరు అది. అంటే ఆమె జాతి లక్షణమే అంత, మనసు ఒకచోట నిలవదు అని. వేగంగా ముగించాలని చూసే ఆటలో తప్పులు ఎక్కువ పడతాయి, నెమ్మది నేల మీద ఇంకా ఎక్కువ పడతాయి అన్న మామూలు సంగతి ఎవరికీ తట్టలేదు. మరోపక్క, తప్పు చెయ్యకుండా, ముఖంలో ఏ భావమూ లేకుండా బంతిని తిరిగి పంపుతూ ఉండే ఎవర్ట్ ని 'మంచు కన్య' అన్నారు. ఆడపిల్లకి ఉండాల్సిన మెత్తదనం లేదట. మట్టి మీద గెలవాలంటే ఓపిక పట్టాలి, ఓపిక పట్టేవాళ్లు ఆవేశం దాచుకోవాలి. అది నేల నేర్పిన విద్య. దాన్ని స్వభావం అన్నారు. ఇక బలంగా సర్వ్ చేసి నెట్ మీదికి దూసుకొచ్చే మార్టినా నవ్రతిలోవాని ఏకంగా ఆడదే కాదన్నట్టు రాశారు. మగవాళ్ల సంగతి వచ్చేసరికి మట్టి వీరుడు, గడ్డి వీరుడు అని నేలని బట్టి వర్గీకరణ. ఆడవాళ్లకి మాత్రం నడవడికని బట్టి.

నవ్రతిలోవా కథ నా వాదానికి అడ్డం తిరుగుతుంది. అందుకే చెప్పాలి. ఆమె ప్రాగ్ దగ్గర చిన్న ఊళ్లో ఎర్రమట్టి మీద ఆట నేర్చుకుంది. అయినా గడ్డిని సొంతం చేసుకుని వింబుల్డన్ సింగిల్స్ తొమ్మిదిసార్లు గెలిచింది. 1975లో, మట్టి పరిచిన ఆ ఫారెస్ట్ హిల్స్ సెమీ ఫైనల్లో ఎవర్ట్ చేతిలో ఓడి, ఆ వెంటనే అమెరికాలో ఆశ్రయం కోరింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, కాళ్ల కింది దేశాన్నే మార్చుకుంది. ఎవర్ట్ తో ఆమె ఆడినవి 80 మ్యాచ్ లు. మట్టి మీద ఎవర్ట్ 11-3తో ముందుంది. గడ్డి మీద నవ్రతిలోవా 10-5తో ముందుంది. నేల గెలుపోటముల్ని ఎంత శాసిస్తుందో ఆ అంకెలే చెప్తాయి. కానీ 1984లో పారిస్ మట్టి మీద నవ్రతిలోవా ఎవర్ట్ ని 6-3, 6-1తో ఓడించింది. ఎవర్ట్ కూడా ఊరుకోలేదు, 1985లో, 1986లో అక్కడే ఆమెని ఓడించింది. గడ్డి మీద మూడుసార్లు వింబుల్డన్ గెలిచింది. 1978లో అమెరికా ఓపెన్ ఫ్లషింగ్ మెడోస్ కి, హార్డ్ కోర్టుకి మారితే ఆ ఏడాదీ తనే గెలిచింది. గూలగాంగ్ 1980లో, మూడేళ్ల పాపకి తల్లిగా వింబుల్డన్ కి వచ్చి, అదే ఎవర్ట్ ని 6-1, 7-6తో ఓడించింది. అంటే నేల తలరాత కాదు. నేర్చుకోవచ్చు. 1988లో స్టెఫీ గ్రాఫ్ ఒక్క ఏడాదిలో హార్డ్ కోర్టు, మట్టి, గడ్డి, మళ్లీ హార్డ్ కోర్టు మీద నాలుగు పెద్ద టోర్నమెంట్లూ గెలిచి, ఒలింపిక్స్ కూడా గెలిచింది.

కానీ నేర్చుకోవడానికి రోజులు కావాలి. మట్టి మీద అడుగు జారిస్తూ ఆగే కాళ్లకి, గడ్డి మీద చిన్న చిన్న అడుగులేస్తూ ఆగడం కొత్తగా అలవాటు కావాలి. రాకెట్టు వెనక్కి తీసే దూరం తగ్గాలి. నడుం ఇంకా వంగాలి. పారిస్ టోర్నమెంటు ముగిసిన తర్వాత వింబుల్డన్ మొదలవడానికి 2014 దాకా రెండే వారాల వ్యవధి ఉండేది. ఆటగాళ్లు, ఆటగత్తెలు ఎన్నాళ్లుగానో అడగ్గా అడగ్గా 2015 నుంచి అది మూడు వారాలైంది. 2025లో స్వియాటెక్ పారిస్ లో సెమీ ఫైనల్లోనే ఓడిపోయింది. దాంతో గడ్డి మీదికి కాస్త ముందుగా వెళ్లింది. జర్మనీలో బాడ్ హోంబర్గ్ టోర్నమెంటు ఫైనల్ దాకా ఆడింది. ఆ తర్వాతే వింబుల్డన్. ప్రపంచంలోకెల్లా పెద్ద క్రీడాకారిణికి కూడా కొత్త నేలకి కాళ్లు అలవాటు పడటానికి కొన్ని మ్యాచ్ లు పట్టింది.

నేల ఎవరు మారుస్తారన్నది ఇంకో ప్రశ్న. ఫారెస్ట్ హిల్స్ లో గడ్డి పాడైందని, బంతి ఎగుడుదిగుడుగా లేస్తోందని ఆటగాళ్లే మొత్తుకున్నారు, నిజం. టీవీకి పొడుగాటి ర్యాలీలు కావాలన్నదీ నిజం. ఆ 1975లోనే అక్కడ దీపాల వెలుగులో రాత్రి మ్యాచ్ లు కూడా మొదలయ్యాయి. మెల్ బోర్న్ లో 1988లో పచ్చిక పోయి రీబౌండ్ ఏస్ వచ్చింది. వింబుల్డన్ లో 2001 నుంచి పూర్తిగా రై గడ్డి. అంతకుముందు 30 శాతం ఫెస్క్యూ గడ్డి కలిపేవారు. నవ్రతిలోవా గెలిచిన గడ్డీ, స్వియాటెక్ గెలిచిన గడ్డీ పేరుకే ఒకటి. పాత రోజుల్లో రెండో వారానికి నెట్ వైపు వెళ్లే దారంతా మట్టి తేలేది, ఇప్పుడు వెనక గీత దగ్గర తేలుతోంది. ఆటలో ఏం మారిందో చెప్పడానికి ఆ అరిగిన చోటు చాలు.

మగవాళ్లకి నేల నచ్చకపోతే ఏమవుతుందో 2012లో చూశాం. మాడ్రిడ్ లో టీవీకి బంతి బాగా కనిపించాలని నీలం రంగు మట్టి వేశారు. అది జారుతోందని నడాల్, జొకోవిచ్ కోప్పడి, మళ్లీ ఇదే వేస్తే రామన్నారు. మరుసటి ఏడాదికల్లా ఎర్రమట్టి తిరిగొచ్చింది. ఆ నీలం మట్టి మీద మహిళల టైటిల్ గెలిచింది సెరెనా విలియమ్స్. 2014లో మహిళా ఫుట్ బాల్ క్రీడాకారిణులు కొందరు, కెనడా ప్రపంచ కప్ లో తమని ప్లాస్టిక్ పచ్చిక మీద ఆడించడం వివక్ష అని ట్రైబ్యునల్ కి ఫిర్యాదు చేశారు. మగవాళ్ల ప్రపంచ కప్ ని ఎన్నడూ అలా ఆడించలేదు. 2015 జనవరిలో ఫిర్యాదు ఉపసంహరించుకున్నారు. ఆ పచ్చిక మీదే ఆడారు. అమెరికా ఓపెన్ 1973లోనే ఆడవాళ్లకీ మగవాళ్లకీ సమానంగా ప్రైజు మనీ ఇచ్చింది. బంతులు మాత్రం 2022 దాకా వేరువేరు. ఆడవాళ్లకి పలచటి నూగున్న బంతి, మగవాళ్లకి మందపాటి నూగున్నది. పలచటిది ఇంకా వేగంగా పోతుంది. కొందరికి అదే ఇష్టం, స్వియాటెక్ లాంటివాళ్లకి కష్టం. 2023లో ఒకే బంతి అయింది. ఒకే కోర్టు మీద ఆడుతున్నా అందరిదీ ఒకే ఆట కాదని ఇన్నేళ్లూ మనం గమనించనేలేదు.

మన సానియా మీర్జా కూడా చిన్నప్పుడు హైదరాబాదులో పేడతో అలికిన కోర్టుల మీదే ఆడానని చెప్పింది. అది చదివినప్పుడు మా అవ్వ కళ్లాపి గుర్తొచ్చి నాకెంతో సంతోషమైంది. తర్వాత ఆమె ఆట హార్డ్ కోర్టు మీద స్థిరపడింది. 2005లో హైదరాబాదులో డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ టైటిల్, అదే ఏడాది అమెరికా ఓపెన్ లో నాలుగో రౌండు, 2007లో ప్రపంచంలో 27వ ర్యాంకు. పారిస్ మట్టి మీద సింగిల్స్ లో రెండో రౌండు దాటలేదు. కానీ 2012లో అక్కడే మహేష్ భూపతితో మిక్స్ డ్ డబుల్స్ గెలిచింది. 2015లో మార్టినా హింగిస్ తో గడ్డి మీద వింబుల్డన్ డబుల్స్ గెలిచింది. 2023లో ఆట మానేదాకా ఆమె ఎన్ని నేలల మీద కాళ్లు నిలదొక్కుకుందో లెక్కపెట్టినవాళ్లు తక్కువ. ఆమె బట్టల పొడుగు లెక్కపెట్టినవాళ్లే ఎక్కువ.

ఇదంతా రాసి ఆగిపోవచ్చు. నన్ను మందకొడి అన్నారు, అది అన్యాయం అని తేల్చుకుని తృప్తి పడొచ్చు. కానీ ఈ వ్యాసం మొదలుపెట్టింది అందుకు కాదు.

1999లో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధనకి ప్రవేశ ఇంటర్వ్యూలు జరిగాయి. బోర్డులో నలుగురం. ఆడదాన్ని నేనొక్కదాన్నే. పాలమూరు జిల్లా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వలసపోయే ఆడవాళ్లు పాడుకునే పాటల మీద పని చేస్తానని ప్రతిపాదన రాసింది. ప్రతిపాదన బాగుంది. ప్రశ్నలు ఇంగ్లిషులో అడిగాం. పదో తరగతి నుంచి ఎమ్.ఎ. దాకా తెలుగులో చదివిన పిల్ల. ప్రశ్న చెవిన పడ్డాక ఆమె కళ్లలో దాన్ని తెలుగులోకి మార్చుకోవడం, జవాబు వెతుక్కోవడం, మళ్లీ ఇంగ్లిషులో పేర్చుకోవడం, మూడూ నాకు కనిపించాయి. కనిపించాయి అని ఇప్పుడంటున్నాను. అప్పుడు నాకు కనిపించింది ఆలస్యం ఒక్కటే. నా ముందున్న కాగితం మీద ఆమె పేరు పక్కన 'స్లో' అని రాశాను. ఎవరూ చెప్పి రాయించలేదు. మధ్యలో ఆమె ఒక పాట రెండు చరణాలు చెప్పబోతే, టైము లేదని ఆపింది కూడా నేనే. ఆమె వెళ్లాక ఒక పెద్దాయన "మెటీరియల్ లేదు" అన్నారు. తలూపాను. ఇరవై నిమిషాలైనా పట్టలేదు.

తర్వాత తొమ్మిదేళ్లకి ఒక సభలో ఆమెని చూశాను. వేరే చోట పిహెచ్.డి. చేసిందట, కాస్త ఆలస్యంగా. కాగితం లేకుండా ముప్పావు గంట మాట్లాడింది, తెలుగులో, తన తెలుగులో. ఆ పాటలే. అడ్డు లేదు, తడబాటు లేదు. హాలులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. నేను ముందు వరసలో కూర్చున్నాను. అయిపోయాక నా దగ్గరికి వచ్చి చేతులు జోడించింది. "నమస్తే మేడం, బాగున్నరా? నేను యాదికున్ననా?" అంది.

"లేదమ్మా, గుర్తు రావట్లేదు" అన్నాను.

అబద్ధం. కాగితం మీద రాసిన అక్షరాలతో సహా గుర్తుంది. ఆమె నవ్వి, "పర్వాలేదు మేడం, మస్తు మందిని చూస్తరు కదా" అని వెళ్లిపోయింది. బస్సులో ముందు సీట్లో కూర్చుని ఆ మాట అన్న పి.డి. గారికి, నాకు ఒకటే తేడా. ఆయన ఎప్పుడూ సిమెంటు కోర్టు మీద ఓడి ఉండరు. నేను ఓడాను, మోకాలు చీరుకుపోయింది. అయినా ఎదుటి మనిషి కాళ్ల కిందికి చూడాలని నాకు తోచలేదు. మనం ఏ నేల మీద గెలుస్తూ వచ్చామో దాన్ని నేల అనుకోం. అది లోకం అనుకుంటాం.

ఆ సభ తర్వాత మా శాఖలో నేను ఒకటే పట్టుపట్టాను. ఇంటర్వ్యూలో ప్రశ్నలు తెలుగులోనూ అడగాలని. "మరి థీసిస్ ఇంగ్లిషులో రాయాలి కదా, రేపైనా నేర్చుకోవాలి కదా" అన్నారు. నేర్చుకోవాలి, నేనూ కాదనను. నవ్రతిలోవా నేర్చుకుంది, ఎవర్ట్ నేర్చుకుంది. కానీ గడ్డి మీదికి దిగిన మొదటి రోజు మొదటి బంతికే వాళ్ల భవిష్యత్తు తేల్చలేదు కదా. చివరికి 'అభ్యర్థి కోరితే తెలుగులో అడగవచ్చు' అని ఒక వాక్యం చేర్చారు. కోరితే అన్న మాట దగ్గర చాలామంది అమ్మాయిలు ఆగిపోవడం నేను రిటైరయ్యేదాకా చూశాను. కోరడం కూడా ఒక ఒప్పుకోలులా అనిపిస్తుంది కాబోలు వాళ్లకి. ఆ వాక్యంలోంచి ఆ రెండు మాటలు తీయించలేకపోయాను.

ఆమె ఈ పత్రికకి రాస్తుంది, చదువుతుంది. ఫోను చేసి చెప్పొచ్చు, నంబరు సంపాదించడం కష్టం కాదు. చెయ్యలేకపోయాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆరోజు నాకు మీరు గుర్తున్నారు. మొదటి చరణం మీరు మొదలుపెట్టగానే నేను గడియారం చూశాను. అదీ గుర్తుంది.